మానవ సంగ్రహాలయము: అందు మన పాలు

వెనుకటి తరమున చెన్నపట్టణము పోయివచ్చిన మనవారు ఎగుమూరులోని మ్యూజియమును ‘చచ్చిన కాలేజీ’ యనియు, జంతుశాలను ‘బ్రతికిన కాలేజీ’ యనియు చెప్పుకొనెడివారు. ఆ మ్యూజియము 1851 వ సంవత్సరమున ఏర్పడినది. తిమింగిలపు అస్థిపంజరము, అమరావతి శిల్పములు, కంచువిగ్రహములు, కొండవాసుల యీటెలు, అమ్ములు, నగలు అన్నియు అందు కలవు. ఆ పేరు వేళాకోళమునకు పెట్టినదే యైనను అందులో ఒక సత్యము కలదు. అద్దపు బీరువాలో విల్లు ఉన్నది. దానిని వంచిన చేయి లేదు. కిన్నెర యున్నది, దానిని మీటినవాని పాట లేదు. కడియ మున్నది, దానిని ఏ తల్లి యే కూతునకు పెట్టినదో చెప్పువారు లేరు.

ఈ లోపమును తీర్చు ఉపాయ మున్నదా? వస్తువులతోపాటు ఆ వస్తువులు గలవారికిని చోటిచ్చు ప్రదర్శనశాల యుండునా? భోపాలు నగరమున అట్టి ప్రయత్న మొకటి జరిగినది. దానినిగూర్చియు, దానికి తోబుట్టువువంటివగు పత్రభాండాగారములను గూర్చియు, అందు గ్రామపెద్దలకు గల పాలును గూర్చియు ఈ ప్రసంగమున విన్నవించెదను.

మొదట మానవశాస్త్ర మన నేమో తెలిసికొందము. చరిత్రకారుడు సాధారణముగా రాజులను, యుద్ధములను, శాసనములను వెదకును. మానవశాస్త్రజ్ఞుడు మనుష్యు డెట్లు జీవించునో వెదకును. ఇల్లు ఎట్లు కట్టును, ధాన్య మెట్లు దాచును, పెండ్లి యెట్లు చేయును, చచ్చినవారి నెట్లు సాగనంపును, మేనమామకు ఏ మర్యాద యిచ్చును, పంటకు ముందు ఏ దేవతను కొలుచును అనునవి యతని ప్రశ్నలు. వ్రాత లేనివారికిని చరిత్ర కలదని చూపుట ఈ శాస్త్రము చేసిన గొప్ప యుపకారము.

అయితే ఈ శాస్త్రము నడచిన దారి యంతయు మంచిది కాదు. ఎడ్గారు థర్స్టను అను ఆంగ్లేయుడు 1885 మొదలు 1908 వరకు చెన్నపట్టణపు మ్యూజియమునకు అధ్యక్షుడుగా నుండెను. అతడు కొలపరికరములను వెంటబెట్టుకొని ఊరూరు తిరిగి, జనుల తలల పొడవును, ముక్కుల వెడల్పును కొలిచెను. రంగాచారిగారి తోడ్పాటుతో దక్షిణదేశపు కులములను, తెగలను గూర్చి 7 సంపుటముల గ్రంథమును 1909 లో ప్రకటించెను. అందు మన ఆచారములను గూర్చిన విశేషములు పెక్కు కలవు. నేటికిని పండితులు దానిని చూచుచున్నారు. కాని ముక్కు కొలతనుబట్టి జాతుల హెచ్చుతగ్గులు నిర్ణయింపవచ్చునను ఆనాటి వాదమును నేటి శాస్త్రము పూర్తిగా త్రోసివేసినది. ఆనాటి యిట్టి గ్రంథములందలి పటముల క్రింద సాధారణముగా కులము పేరే యుండును, మనిషి పేరుండదు. పటములోని స్త్రీ యొక తెగకు గుర్తుగా నిలిచినది గాని, ఒక యింటి యిల్లాలుగా నిలువలేదు.

ఇక భోపాలు సంగతి. భారతదేశపు మానవజీవనము నంతను ఒకచోట చూపు ప్రదర్శనశాల కావలెనని విజ్ఞానవేత్తలు కోరగా, 1977 లో కొత్తఢిల్లీయందు ఆ సంస్థ మొదలైనది. 1979 లో అది భోపాలునకు మారినది. అచ్చట పెద్దచెరువు ఒడ్డున శ్యామలాకొండమీద సుమారు 200 ఎకరముల నేల దానికి లభించినది. ఇప్పుడు దానిని ఇందిరాగాంధీ రాష్ట్రీయ మానవ సంగ్రహాలయ మందురు. మైసూరు నగరమున దానికి దక్షిణప్రాంతపు శాఖ కలదు.

ఆ కొండమీదనే ప్రాచీనమానవులు రంగులతో బొమ్మలు వ్రాసిన రాతిచరియలు కలవు. ఆ నగరమునకు కొంతదూరమున భీంబేట్కా యను ప్రసిద్ధమైన గుహల సముదాయము కలదు. వాకణకరుగారు 1957 లో దానిని గుర్తించిరి. 2003 లో అది ప్రపంచవారసత్వ స్థలముల పట్టికలో చేరినది. కాబట్టి సంగ్రహాలయమునకు వచ్చువాడు ఒకే కొండమీద వేలయేండ్లనాటి మనుష్యుని చేతిగీతను, నేటి మనుష్యుని చేతిపనిని గూడ చూడగలడు.

ఈ సంగ్రహాలయమున ముఖ్యమైనది ఆరుబయటి ప్రదర్శనము. దేశమందలి పలుప్రాంతముల యిండ్లు అచ్చట నిజమైన కొలతలతో నిలిచియున్నవి. అవి బొమ్మరిండ్లు కావు. నగరపు మేస్త్రీలు పటము చూచి కట్టినవియు కావు. ఏ తెగవారి యిల్లో ఆ తెగవారినే పిలిపించి, వారికి అలవాటైన కలప, గడ్డి, మట్టి సమకూర్చి, వారి పద్ధతిచొప్పున వారిచేతనే కట్టించినారు. కప్పు చెడినప్పుడు, గోడ జారినప్పుడు బాగుచేయుటకు గూడ ఆ పని యెరిగినవారే కావలెను. మనలో మట్టియిల్లు కట్టి కాపురము చేసినవారికి దీనిలోని మర్మము వెంటనే బోధపడును. నిట్రాడు ఎక్కడ నాటవలెనో, వాసముల వాలు ఎంత యుండవలెనో, గడ్డి ఎన్ని వరుసలు పరచిన వాననీరు దిగదో పుస్తకములందు వ్రాసియుండదు. అది చేతిలో నున్న విద్య. ఆ చేతిని పిలువక ఇల్లు తెచ్చితిమనుట, పాటకుని పిలువక పాట తెచ్చితిమనుటవంటిది.

కొన్ని యిండ్లను చూతము. గదబల యిల్లు గుండ్రని గోడతో, పైకి కూచిగా లేచిన గడ్డికప్పుతో నుండును. గదబలు మనకు పరాయివారు కారు. ఒడిస్సాలోని కోరాపుటు సీమయందును, మన విశాఖ, విజయనగరము మన్యములందును వారు నివసించుచున్నారు. సవరల యింటి గోడమీద పితరులకును, దేవతలకును గాను వ్రాసిన బొమ్మలుండును. అవి అలంకారమునకు వ్రాసినవి కావు; ఇంటిలో జబ్బు వచ్చినప్పుడు, పంట వేయునప్పుడు మ్రొక్కుగా వ్రాయునవి. ఈ సవరల భాషనే పర్లాకిమిడిలో గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు నేర్చి, దాని వ్యాకరణమును, నిఘంటువును సిద్ధపరచిరి. మహారాష్ట్రపు వార్లీలు గోడమీద బియ్యపుపిండితో తెల్లని బొమ్మలు వ్రాయుదురు. సర్గుజా సీమయందలి రజవారు స్త్రీలు మట్టితో జాలీలును, పిట్టలను, మనుష్యులను గోడకు దిద్దుదురు. బ్రహ్మపుత్రా తీరమున మిషింగులు వరదకు వెరచి యింటిని స్తంభములమీద నెత్తి కట్టుదురు. నాగాల సీమనుండి వచ్చిన కట్టడములును కలవు. ఆ సీమలోని కొన్ని తెగలలో పడుచువాండ్రు కలిసి నిద్రించి, ఊరి కావలి కాచి, పెద్దలవలన పాటలు, కథలు, పనులు నేర్చుకొను ఉమ్మడి మందిరముండును. దానిని మోరుంగందురు. అది వారికి బడియు, చావడియు గూడ.

ఈ యిండ్లను వరుసగా చూచినవానికి ఒక విషయము తేటపడును. గుండ్రని యిల్లు కట్టినవాడు చతురస్రపు టిల్లు కట్టనేరక కట్టలేదు. గాలి, వాన, వరద, పశువు, కలప, దేవత – వీనినన్నిటిని లెక్కవేసి తాతలు కనుగొన్న యుపాయమది. ఏ యిల్లును మరియొక యింటికంటె వెనుకబడినది కాదు. ఒక్కొకటి ఒక్కొక చిక్కుప్రశ్నకు ప్రత్యుత్తరము. పైగా అచ్చట గిరిజనుల యిండ్లే కాదు, సముద్రతీరపు పల్లెయు, ఎడారి పల్లెయు, హిమాలయపు పల్లెయు వేరువేరుగా కలవు. దేవరవనములకును, పాతకాలపు పనిముట్లకును చోటు కలదు. లోపలి భవనమును ‘వీథి సంకుల’ మందురు. అందు వేషభూషలు, వాద్యములు, వ్యవసాయపు సామానులు, పూజాద్రవ్యములు అమర్చియున్నవి. ‘వారు చూడదగిన వింతవారు, మనము చూచువారము’ అను భేద మచ్చట చాలవరకు తగ్గినది. అందరును చూచువారే, అందరును చూడబడువారే.

ఐనను దోష మేమియు లేదని చెప్పుట సత్యము కాదు. కొండమీద నిలిచిన యింటిలో పొయ్యి రాజదు, పసిబిడ్డ యేడువదు. పొగ పట్టని కప్పుగడ్డి చెదపురుగుల కెంత త్వరగా లోబడునో మీకు తెలియును. అదిగాక, నేడు గదబ యువకుడు పెంకుటింటనో, సిమెంటు కప్పు క్రిందనో కాపురముండవచ్చును. గుండ్రని యిల్లును చూచినవాడు ‘గదబ లిప్పుడును ఇట్లే యుందురు, ఇట్లే యుండవలెను’ అని తలచినచో, ప్రదర్శనశాల వారికి మేలుకు మారుగా కీడు చేసినదగును. మనుష్యులు మారుదురు. మారుటకు వారికి హక్కు కలదు. తాము మారకముం దేమైయుండిరో మరువకుండుటకు గూడ వారికి హక్కు కలదు. మంచి సంగ్రహాలయము ఈ రెండు హక్కులను కాపాడవలెను.

ఆ రెండవ హక్కునకు ఆధారము పత్రభాండాగారము. ప్రదర్శనశాలలో జనులు చూచునది కొద్ది. లోపల భద్రపరచినది ఎక్కువ. పరిశోధకుల దినచర్య పుస్తకములు, ఉత్తరములు, ఛాయాచిత్రములు, చలనచిత్రములు, పాటల రికార్డులు, వంశవృక్షములు, పటములు – ఇవి భాండాగారపు సొత్తు. ఇంటిలో కరణముగారి లెక్కల పెట్టె యెట్టిదో దేశమునకు భాండాగార మట్టిది. వివాదము వచ్చినప్పుడే దాని విలువ తెలియును.

మన సీమనుండియే ఒక యుదాహరణము చెప్పెదను. 1940 లో ఆదిలాబాదు అడవులలోని జోడేఘాటువద్ద కొమురం భీము ప్రాణములు విడిచెను. అడవిపై, సాగుభూమిపై తమ హక్కునకై గోండులు చేసిన తిరుగుబాటది. అనంతరము నిజాము ప్రభుత్వమువారు గోండుల కష్టములకు కారణ మేమని విచారింప బూనిరి. వియన్నాలో 1909 లో జన్మించిన క్రిస్టఫు ఫాను ఫ్యూరరు హైమెండార్ఫు అను శాస్త్రజ్ఞుడు ఆ సమయమున హైదరాబాదు సంస్థానమున నుండెను. రెండవ ప్రపంచయుద్ధమువలన అతడు శత్రుదేశపు పౌరుడుగా నెంచబడి, సంస్థానపు ఎల్లలు దాటరాదను నిర్బంధమున నుండెను. ఆ నిర్బంధ కాలముననే అతడు నల్లమల చెంచులను, గోదావరిసీమ కొండరెడ్లను, ఆదిలాబాదు రాజగోండులను దర్శించి, వారి నడుమ నివసించి, మూడు గ్రంథములు వ్రాసెను. అవి 1943, 1945, 1948 సంవత్సరములలో వెలువడినవి. ఇతడు తలలు కొలుచుటకు పోలేదు. ఎవని పొలము ఎవని చేతిలోనికి పోయినదో, ఏ యధికారి యే యూరిని అడవినుండి వెడలగొట్టెనో వ్రాసికొనెను. తరువాత ప్రభుత్వమునకు సలహాదారుగా నుండెను. ఆ దశకమున వేలకొలది గోండు కుటుంబములకు పట్టాలు లభించినవి. 1943 లో మార్లవాయి గ్రామమున గోండు ఉపాధ్యాయులను తయారుచేయు బడి మొదలైనది. అతని భార్య సమాధి ఆ మార్లవాయిలోనే కలదు. అతడు 1995 లో మరణించెను.

ఆయన తీసిన ఛాయాచిత్రములు, చలనచిత్రములు, దినచర్య పుస్తకములు లండను విశ్వవిద్యాలయమునకు చెందిన సోయాసు విద్యాపీఠమున భద్రముగా నున్నవి. ఛాయాచిత్రములు పెక్కింటిని ఇప్పుడు కంప్యూటరుమీద చూడవచ్చును. ఇందొక సంతోషమును, ఒక విచారమును కలవు. ఆ కాలపు గోండుల దండారి నృత్యమును, చెంచుల పెంటలను మనుమలు నేడు చూడగలుగుట సంతోషము. ఆ పటములోని ముఖమును చూచి ‘ఇది మా తాత’ యని చెప్పగల వృద్ధులు ఏటేట తగ్గిపోవుట విచారము. పటము లండనులో నున్నది. పేరు మార్లవాయిలోనో, మన్ననూరులోనో ఒక ముదుసలి నాలుకమీద నున్నది. ఆ రెండును కలియకముందే ఆ ముదుసలి గతించినచో, ఎంత గొప్ప భాండాగారమైనను ఆ పేరును మరల సంపాదింపజాలదు.

ఇంతకుముందు గూడ మన గ్రామములనుండి భాండాగారమునకు మాట పోయిన సందర్భ మొకటి కలదు. 1821 లో మరణించిన కర్నలు మెకంజీ దొర కొలువులో ఏలూరు వాస్తవ్యులగు కావలి బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి సోదరులు పనిచేసిరి. వారును, వారి సహచరులును ఊరూర కరణములను, పెద్దలను విచారించి గ్రామచరిత్రలు వ్రాయించి తెచ్చిరి. అవియే కైఫీయతులు. బ్రౌను దొర వానికి నకళ్లు వ్రాయించి కాపాడెను. కొన్ని జిల్లాల కైఫీయతులు అచ్చుపడినవి. మీ యూరి చెరువు నెవరు త్రవ్వించిరో, గుడి మాన్యమెంతో, ఊరికి ఆ పేరెట్లు వచ్చెనో అందు దొరకవచ్చును. అయితే అందు మాట్లాడినవారు ఎక్కువగా కరణములును, ఆలయాధికారులును. కుమ్మరి, మేదరి, గొల్ల, చాకలి, మాలమాదిగలు తమ మాటగా చెప్పినది అందు చాల తక్కువ. స్త్రీల మాట దాదాపు లేదు. కాబట్టి అందరి మాటకును చోటుండవలెనను నియమము ప్రదర్శనశాలకే కాదు, పత్రభాండాగారమునకు గూడ వర్తించును.

సొత్తు ఎవరిదను ప్రశ్నయు నిందు కలదు. ఇంగ్లండులోని ఆక్సుఫర్డు నగరమున 1884 లో స్థాపింపబడిన పిట్టు రివర్సు మ్యూజియమునకు, వలసపాలన కాలమున, నాగాకొండలనుండి వస్తువులేకాక మనుష్యుల కపాలములు, ఎముకలు గూడ చేరినవి. 2020 లో ఆ మ్యూజియమువారు మానవావశేషములను ప్రదర్శననుండి తొలగించిరి. తమ పితరుల యెముకలను తమకు తిరిగి యిమ్మని నాగా పెద్దలు ఆనాటినుండి వారితో సంప్రతింపులు జరుపుచున్నారు. 2024 లో ఇంగ్లండులో ఒక నాగా కపాలమును వేలమునకు పెట్టగా, నాగాలు అభ్యంతరము చెప్పుటచే దానిని ఉపసంహరించిరి. ఒకరికి వింతవస్తువైనది మరియొకరికి అంత్యక్రియలు జరుగని తాతయని ఇందువలన తెలియును. వస్తువులు గలవారిని అడిగి నడచుకొనుట మర్యాద మాత్రమే కాదు, న్యాయము.

ఇట్లుండగా గ్రామపెద్దలు చేయదగిన దేమి? భోపాలు దూరము, లండను మరియు దూరము. కాని మొదటి భాండాగారము మీ యింటి యటకమీదనే యున్నది.

మొదటిది, పాత ఛాయాచిత్రములు. ప్రతి పటము వెనుక మెత్తని పెన్సిలుతో, ఎడమనుండి కుడికి, ఎవరెవరో పేర్లు వ్రాయుడు. ఊరు, సంవత్సరము, సందర్భము చేర్చుడు. సిరా వలదు, అది కాగితములోనికి దిగి పటమును చెరచును. పాలేరును, దాదియు పటములో నున్నచో వారి పేర్లును వ్రాయుడు. ‘ఇంకొకడు’ అని వ్రాయకుడు.

రెండవది, పనిముట్లు. ఏతము, మోట, గొర్రు, తిరుగలి, మగ్గము నేడు వాడుకలోనుండి తప్పుకొనుచున్నవి. వానిని పాతసామానుల వర్తకునికి వేయుటకు ముందు, ప్రతి భాగమునకు గల పేరు వ్రాసికొనుడు. మగ్గపు భాగముల పేర్లు సాలెవానినే అడుగవలెను. తట్ట అల్లిక పేర్లు మేదరినే అడుగవలెను. చెప్పినవారి పేరు ప్రక్కన వ్రాయవలెను.

మూడవది, పాటలు. నాటుపాట, దంపుడుపాట, జోలపాట, శవయాత్రలోని పాట – వీనిని పాడగల ముదుసళ్లు ఊరిలో నెవరో మీకే తెలియును. నేడు ప్రతి యింటనున్న చేతిఫోనులో పాటను పట్టవచ్చును. ముందుగా వారి యనుమతి నడుగుడు. పాటకు ముందు వారి పేరు, ఊరు, తేది వారి నోటనే చెప్పింపుడు. ఇది లేనిచో, ఆ పాట రేపు ‘ఒక గ్రామస్త్రీ పాట’ యగును.

నాలుగవది, తాళపత్రములు, రాగిరేకులు, పాత దస్తావేజులు. చదువరాని పుస్తకములను నదిలో విడుచు ఆచారము కొన్నిచోట్ల కలదు, దానిని మానుడు. చెమ్మ తగులనీయక దాచుడు. ఏ సంస్థకైనను ఇచ్చునపుడు రసీదు తీసికొనుడు. దానమా, నకలు తీయుటకు ఎరవా, స్పష్టముగ వ్రాయింపుడు. దాతపేరు, గ్రామము పేరు పట్టికలో నెట్లు వ్రాయుదురో, మీ వంశస్థులు వచ్చినప్పుడు చూపుదురా యని అడుగుటకు సంకోచింపవలదు.

హైదరాబాదు మాసబ్‌ట్యాంకువద్ద గిరిజన ప్రదర్శనశాల కలదు. అరకులోయలో నొకటి కలదు. ఊరి పిల్లలను అచ్చటికి తీసికొనిపోవునపుడు, వీలైనచో ఆ పనిముట్టు వాడినవారి నొకరిని గూడ వెంట తీసికొనిపొండు. చీటీమీది రెండు పంక్తులకంటె ఆ ముదుసలి చెప్పు రెండు మాటలు పిల్లల మనస్సున నిలుచును. తప్పు వ్రాసిన చీటీ కనబడినచో అధికారికి వినయముగ ఉత్తరము వ్రాయుడు. తెగవారు చెప్పిన సవరణను స్వీకరించుట నేటి మంచి ప్రదర్శనశాలలు గౌరవముగ భావించుచున్నవి.

గోడలు, బీరువాలు ప్రభుత్వము కట్టించును. అందు దాచిన వస్తువునకు పేరు, ఊరు, మాట ఇచ్చువారు మీరే. ఆ పని ఈ సంవత్సరము చేయవలసినది గాని, రాబోవు తరమునకు విడువవలసినది కాదు. చెప్పగలవారు ఆ తరమున నుండరు గనుక.